ఎడమచేతి నడిమివేలు

ముందుగా ఒక చప్పుడు వినండి.

(కీబోర్డు మీద ఆరు కీలు వరసగా నొక్కిన శబ్దం)

ఇప్పుడు నేను కొట్టింది ‘తెలుగు’ అనే మాట. దానికి ఆరు కీలు పడతాయి. మళ్లీ కొడతాను, ఈసారి ఏ అక్షరం ఏ చేతిదో చెప్పుకుంటూ కొడతాను. త కుడిచెయ్యి, ఎత్వం ఎడమచెయ్యి. ల కుడి, కొమ్ము ఎడమ. గ కుడి, మళ్లీ కొమ్ము ఎడమ. డప్పు మీద రెండు పుల్లలు మార్చి మార్చి పడుతున్నట్టు ఉంటుంది. ఇన్నేళ్లు కొట్టినా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నా చేతులకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఈ కీబోర్డు దుకాణంలో కొన్నది కాదు. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో, మా వంటింటి గట్టు మీద, రాత్రి అంట్లు తోమడం అయ్యాక కూర్చుని టంకం పెట్టి కట్టుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. దీన్ని ఎందుకు కట్టానో, ఎట్లా కట్టానో చెబుదామని వచ్చాను.

మా పేట పేరులోనే రెజిమెంటు ఉంది. 1798లో నిజాముతో ఒప్పందం అయ్యాక ఇంగ్లీషు దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండు ఊరికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండు ఉన్నచోట బజారు వెలుస్తుంది. పాతవాళ్లు ఇప్పటికీ సికింద్రాబాద్‌ను లష్కర్ అనే అంటారు. 1874లో మా పక్కనే రైల్వే స్టేషను వచ్చింది. అదే 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ షోల్స్ టైపు మిషన్‌ను మొదటిసారి అమ్మకానికి పెట్టింది. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. అయినా నా బతుకులో రెండు చప్పుళ్లూ కలిసే ఉన్నాయి. ఒకటి రైలుది, ఒకటి టైపు మిషనుది.

మా గల్లీ చివర ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంటర్ సెలవుల్లో నాన్న నన్ను అక్కడ చేర్చారు. పొద్దున ఆరున్నర బ్యాచ్. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. నెల రోజులు అదొక్కటే. మా మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుకునేవారు. మా వైపు చూసేవారు కాదు, వినేవారు. ఇరవై మిషన్ల చప్పుడులోంచి ఒక వేలు తడబడితే తల ఎత్తకుండానే చెప్పేవారు. “ఏం బిడ్డా, చిటికెనవేలు నిద్రపోతున్నదా?” అని. కీబోర్డును చెవితో కొలవాలని నాకు తెలిసింది అక్కడే. ఇప్పుడు కీబోర్డులు కట్టే కుర్రవాళ్లు రాత్రింబవళ్లు శబ్దం గురించే మాట్లాడుకుంటుంటే నాకు ఆయన గుర్తుకొస్తారు.

లోయరు, హయ్యరు పాసై డీటీపీ సెంటర్లో చేరాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఆ తర్వాత పుస్తకాలు. యూనికోడు వచ్చాక పాత అమరిక వదిలి ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నాను. ఇది 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ మన దేశ ముఖ్య లిపులకు ఉమ్మడిగా తెచ్చిన అమరిక. తెలుగు క ఏ కీ మీద ఉంటుందో, హిందీ క, బెంగాలీ క కూడా అదే కీ మీద ఉంటాయి. గుణింతం గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి ఇచ్చారు. ఇందాక విన్న డప్పు చప్పుడుకు కారణం అది. మీ కీబోర్డు మీద ఎఫ్ కీ, జె కీ తడిమి చూడండి, చిన్న గీతలు తగులుతాయి. ఇన్‌స్క్రిప్టులో ఆ చోట గుడి, ర ఉంటాయి. చూపుడువేళ్లు రెండూ ‘రి’ మీద ఆని ఉంటాయన్నమాట.

మూడేళ్ల కిందట నా కీబోర్డులో డి కీ పోయింది. నూటనాలుగు కీలలో అదొక్కటే. కొత్తది కొన్నాను, అందులోనూ మొదట డి కీయే పోయింది. అప్పుడు కూర్చుని ఆలోచించాను. ఇన్‌స్క్రిప్టులో డి అంటే పొల్లు. అక్క, చెల్లి, అన్నం, పప్పు, వెన్న, ఎక్కడ ఒత్తు వచ్చినా ముందు పొల్లు కొట్టాలి. పదం చివర హల్లు ఆగాలన్నా పొల్లే. ‘సికింద్రాబాద్’ అనే ఒక్క మాటలో అది రెండుసార్లు పడుతుంది. తెలుగు ఒత్తుల బరువంతా ఎడమచేతి నడిమివేలు మోస్తోంది, దాని కింద ఉన్న రబ్బరు బుడిపె అందుకే అరిగిపోతోంది.

ఈ మాట మా మేనల్లుడితో అన్నాను. వాడు జేబులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి నా అరచేతిలో పెట్టాడు. “నొక్కి చూడు అత్తా” అన్నాడు. నొక్కాను. లోపల ఒక స్ప్రింగు, దాని మీద ఆని జారే ఒక కాడ, పక్కన రెండు లోహపు రేకులు. నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. రెండో మిల్లీమీటరు దగ్గర రేకులు కలుస్తాయి, అక్షరం పడుతుంది. అడుగుదాకా గుద్దనక్కర్లేదు. మధ్యలో వేలికి చిన్న మిట్ట తగిలింది, టైపు మిషన్ మీద సుత్తి లేచేముందు తగిలేదే, అట్లాంటిది. ఇరవై ఏళ్లుగా నా వేళ్లు ఏం పోగొట్టుకున్నాయో ఆ నిమిషంలో తెలిసింది.

ఇది మెకానికల్ స్విచ్చు. ప్రతి కీ కిందా విడిగా ఒకటి ఉంటుంది. పాడైతే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. అమెరికాలో మొదలై జర్మనీలో స్థిరపడ్డ చెర్రీ కంపెనీ 1980ల మొదట్లో తెచ్చిన ఎంఎక్స్ రకం ఇందులో పేరున్నది. దాని పేటెంటు గడువు తీరాక చైనాలో ఎన్నో కంపెనీలు అదే కొలతతో చేస్తున్నాయి. మన దగ్గర ఇది కొత్తదేమీ కాదు. టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి ‘గోల్డ్’ కీబోర్డు గుర్తుందా? చెర్రీ నీలం స్విచ్చులతో చాలాకాలం వచ్చింది. బిల్లింగు కౌంటర్ల అవతలి నుంచి వినబడే ఆ గట్టి టకటక చాలామందికి తెలుసు, దాని వెనక ఇంత పని ఉందని తెలియదు. స్విచ్చుల్లో మూడు జాతులున్నాయి. నున్నగా దిగేది, మిట్ట తగిలేది, మిట్టతోపాటు టక్కుమనేది. మా ఇంట్లో వంటింటికీ అమ్మ పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే. అందుకని రెండో రకం ఎంచుకున్నాను.

రైల్వే స్టేషను పక్కన ఉంటాం కాబట్టి నాకు అన్నీ నడిచేంత దూరమే. క్లాక్ టవర్ మీదుగా పాట్నీ దాటితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు. కంప్యూటరు సామానుకు ఊరంతా అక్కడికే వస్తుంది. అక్కడ మెకానికల్ కీబోర్డులు బాగా దొరుకుతాయి. చిన్నసైజు, అరవై ఒక్క కీలది ఒకటి కొందామని వెళ్లాను. నా పద్ధతి ప్రకారం కొనేముందు తెలుగులో నాలుగు మాటలు కొట్టి చూశాను. ‘కొత్త’ రాలేదు. ‘ఒక’ రాలేదు. ఎంత వెతికినా ఒత్వం లేదు.

సంగతేమిటంటే, ఇన్‌స్క్రిప్టును నాగరి అక్షరాల వరసను ముందు పెట్టుకుని అమర్చారు. హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మనకున్నాయి. మిగిలిపోయిన మూలల్లో వాటికి చోటు ఇచ్చారు. ఎత్వం జెడ్ కీ మీదికి, ఒత్వం ఎడమ పైమూలన ఒకటి అంకె పక్కనున్న కీ మీదికి పోయాయి. చిన్న కీబోర్డుల్లో ఆ మూల కీని ఎస్కేప్‌కు ఇచ్చేస్తారు. అసలు గుర్తు ఇంకో కీతో కలిపి నొక్కితే తప్ప రాదు. ఇంగ్లీషువాళ్లకు అది ఎప్పుడో ఒకసారి కావలసిన గుర్తు, పోయినా బాధ లేదు. మనకు? చెప్పు, వెళ్లు, పెద్ద, తెలుసు, ఒక, కొంచెం, కొడుకు, పొద్దున. ఎత్వం, ఒత్వం లేకుండా తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పలేం. అలాంటి రెండు గుర్తులూ పది వేళ్లలోనూ బలహీనమైన ఎడమ చిటికెనవేలికి, అదీ అందీ అందని మూలల్లో దక్కాయి. ఇది నాకు మనసులో గుచ్చుకుంది. ఆ రోజు ఏమీ కొనకుండా ఇంటికి వచ్చి, కాగితం మీద గళ్లు గీయడం మొదలుపెట్టాను.

నా గళ్లలో క్యాప్స్ లాక్ తీసేశాను. తెలుగులో పెద్దక్షరాలు లేవు కదా, చిటికెనవేలి పక్కనే అంత మంచి చోటు దానికెందుకు? అక్కడ ఒత్వం పెట్టాను. స్పేస్‌బార్‌ను రెండు ముక్కలు చేశాను. ఎడమ బొటనవేలు ఊరికే ఉంటుంది, ఆ ముక్క మీదికి ఎత్వం తెచ్చాను. మొత్తం అరవై రెండు కీలు.

ఆ లెక్క ప్రకారం బాలానగర్‌లో ఒక షెడ్డులో మిల్లీమీటరున్నర మందం అల్యూమినియం రేకును లేజరుతో కోయించాను. స్విచ్చు కూర్చునే రంధ్రం పద్నాలుగు మిల్లీమీటర్ల చదరం. ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. స్విచ్చులు చైనా నుంచి వచ్చాయి. అడుగున పెట్టెకు పాత టేకు గుమ్మం చెక్క వాడాను.

ఇక లోపలి తీగల సంగతి. అరవై రెండు కీలకు అరవై రెండు తీగలు లాగితే అంత జాగా ఉండదు. అందుకని అడ్డం అయిదు వరసలు, నిలువు పద్నాలుగు వరసలు కలుపుతారు. పంతొమ్మిది తీగలతో సరిపోతుంది. లోపలున్న చిప్పు ఒక్కో నిలువు వరసనూ తడిమి, ఏ అడ్డం వరస కలిసిందో చూసుకుంటుంది. సెకనుకు వందలసార్లు. సినిమాహాల్లో వరస, సీటు చెబితే మనిషి దొరికినట్టే. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. చదరంలో మూడు మూలల్లో ఉన్న కీలు ఒకేసారి నొక్కితే కరెంటు చుట్టు తిరిగి వెళ్లి నాలుగో మూల కూడా నొక్కినట్టు కనబడుతుంది. మనం కొట్టని అక్షరం తెర మీదికి వస్తుంది. కరెంటు ఒకే వైపు నడిచేలా ప్రతి స్విచ్చుకూ ఒక డయోడు పెట్టాలి. కోఠీ గుజరాతీ గల్లీలో 1ఎన్4148 అంటే చాలు, చీటీ కట్టలా టేపుకు అంటించిన డయోడ్లు చేతిలో పెడతారు. బియ్యపుగింజంత గాజు ముక్క, ఒక కొసన నల్లగీత. ఆ గీత అన్నింటికీ ఒకే వైపు ఉండాలి.

టంకం పెట్టడం నేర్చుకోవడానికి వారం పట్టింది. మొదట తీగముక్కల మీద, తర్వాత పాడైన స్విచ్చుల మీద. “అత్తా, ఎక్కువసేపు పెట్టకు, లోపల ప్లాస్టిక్ కరిగిపోతది” అని మేనల్లుడు పక్కనుండి లెక్కపెట్టేవాడు. స్విచ్చు పిన్నును వేడి చేయాలి, టంకాన్ని కాదు. పిన్ను వేడెక్కితే టంకం దానంతట అదే పాకుతుంది, నేతిబొట్టు వేడి అన్నం మీద పాకినట్టు. మెరుస్తూ కుదురుగా కూర్చుంటే మంచి అతుకు. గోళీలా పైకి నిలబడితే లోపల పట్టలేదని అర్థం. అరవై రెండు డయోడ్లు, వాటి వరసలు, నిలువు తీగలు, అంతా కలిసి మూడు రాత్రులు. కలిపి చూస్తే స రాలేదు. ఎమ్ కీ దగ్గర డయోడు తలకిందులుగా పెట్టాను. సికింద్రాబాద్‌లో కూర్చుని కట్టిన కీబోర్డు మీద సికింద్రాబాద్ మొదటి అక్షరమే పలకలేదు. దాన్ని విప్పి తిప్పి పెట్టి, స పడ్డాక గానీ ఆ రాత్రి నిద్రపోలేదు.

స్విచ్చులకు గ్రీజు పూయడం గురించి చెప్పాలి. కొత్త స్విచ్చు లోపల ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ గీరుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఇసుక రాసినట్టు వినబడుతుంది. నాలుగు కొక్కేలు విప్పి, మూత తీసి, సన్నటి బొమ్మల కుంచెతో కాడ జారే గోడలకు మాత్రం పలచగా గ్రీజు రాయాలి. మిట్ట పుట్టించే కాళ్లకు తగలకూడదు, తగిలితే మిట్ట చచ్చిపోతుంది. దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె పూస్తాం చూడండి, అంత పలచగా. మా అమ్మ ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఇరవై స్విచ్చులు చేసింది. ఆమెకు కీబోర్డు తెలియదు గానీ చెయ్యి తెలుసు. ఆమె పూసిన ఇరవైలో ఒక్కటీ గీరుకోలేదు. నేను చేసినవాటిలో ఏడు మళ్లీ విప్పి చేయాల్సి వచ్చింది.

స్ప్రింగులు కూడా మార్చాను. అన్ని కీలకూ ఒకే బరువు ఎందుకుండాలో నాకు అర్థం కాదు. చూపుడువేలికీ చిటికెనవేలికీ ఒకే బలం ఉందా? చిటికెనవేళ్ల కింద మెత్తటివి, మిగతాచోట్ల మామూలివి పెట్టాను. డి కీ కింద మాత్రం వెతికి వెతికి నాకు నచ్చిన స్విచ్చు పెట్టాను, పొల్లు కోసం. పెట్టె డొల్లగా మోగకుండా రాణిగంజ్‌లో కొన్న నురుగు షీటు అడుగున పరిచాను. షిఫ్టు లాంటి పొడుగు కీల కింద ఉండే స్టెబిలైజరు తీగలను అద్దం మీద పెట్టి వంకర చూసి సరిచేశాను. ఆ తీగ గోరంత వంకరున్నా గలగలమంటుంది.

ఇంతా చేశాక తెలుసుకున్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. కీబోర్డుకు తెలుగు రాదు. ఇంగ్లీషూ రాదు. అది కంప్యూటరుకు పంపేది అంకెలు మాత్రమే. కె కీ నొక్కితే 14 వెళ్తుంది. అది క అవుతుందా, ఇంగ్లీషు కె అవుతుందా అన్నది కంప్యూటరు నిర్ణయిస్తుంది. ‘తెలుగు’ అని కొడితే తీగలో వెళ్లేది 15, 29, 17, 10, 12, 10. అందుకే నా పని సులువైంది. ఎడమ బొటనవేలి కింది ముక్క నుంచి 29 పంపమంటే చాలు, అది ఎత్వం అయిపోతుంది. చిప్పులో ఈ లెక్కలు రాసుకోవడానికి క్యూఎమ్‌కే అనే ప్రోగ్రాము ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇన్నాళ్లూ మనమే కీబోర్డుకు అలవాటు పడ్డాం. ఇప్పుడు దాన్ని మన వేళ్లకు అలవాటు చేయవచ్చు.

అమరిక మీద అన్ని నెలలు కూర్చున్నాక ఒక చిత్రం కనబడింది. న, మ, వ, సున్న, ఈ నాలుగూ ఎడమచేతివే. గుణింతాలు, పొల్లు ఎలాగూ ఎడమవే. కాబట్టి కొన్ని మాటలు కుడిచెయ్యి కదపకుండా వచ్చేస్తాయి. ఏవో తెలుసా? నేను. నువ్వు. మనం. నాన్న. వాన. నవ్వు.

ఈ సంగతి నాకు ఊరికే సంతోషం కలిగించింది, అంతే అనుకున్నాను. డీటీపీ సెంటర్లో నా పక్కసీటు అక్క ఒకరున్నారు. నాకన్నా పదేళ్లు పెద్ద. వేగంలో మమ్మల్నందర్నీ మించినామె. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగానే ఉంది, ఎడమచెయ్యి బాగానే ఉంది. “ఒంటిచేత్తో ఏం కొడతనే, వదిలెయ్” అన్నారు.

ఆమె కోసం రెండోది కట్టాను. ఈసారి టంకం లేదు, స్విచ్చును గుచ్చి తీసే సాకెట్లున్న బోర్డు. క్యూఎమ్‌కేలో ఒక సౌకర్యం ఉంది. బొటనవేలి కింద ఒక కీ పట్టుకుని ఉంటే కుడిపక్క అక్షరాలు అద్దంలో బొమ్మలా ఎడమపక్కకు వచ్చేస్తాయి. జె స్థానంలోని ర, ఎఫ్ మీదికి. ఎల్ మీది త, ఎస్ మీదికి. వేలు అదే, చెయ్యి మారుతుంది. కుడిచేతికి తెలిసినదాన్ని ఎడమచెయ్యి చాలా త్వరగా అందుకుంటుంది. షిఫ్టును కూడా పట్టుకోనక్కర్లేకుండా ఒకసారి నొక్కి వదిలేలా చేశాను.

కిందటి ఆదివారం తీసుకువెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. ముందు బొటనవేలి సంగతి చెప్పలేదు. “అక్కా, ముందుగాల నేను అని కొట్టు” అన్నాను. కొట్టారు. నువ్వు. కొట్టారు. మనం. నాన్న. ఒక్కొక్కటీ తెర మీద పడుతుంటే ఆమె తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత బొటనవేలి కీ చూపించాను. కాసేపు తడుముకున్నారు. అద్దంలో కె స్థానం డి మీద పడుతుంది, అంటే క, పొల్లు ఒకే కీ మీదికి వస్తాయి. అ కూడా అక్కడే, షిఫ్టుతో. ఆమె దాన్ని నాకన్నా ముందే పసిగట్టారు. నడిమివేలిని ఆ కీ మీద నుంచి కదపకుండా నాలుగుసార్లు నొక్కారు. షిఫ్టుతో ఒకసారి, బొటనవేలితో ఒకసారి, ఊరికే ఒకసారి, మళ్లీ బొటనవేలితో.

(ఒకే కీ నాలుగుసార్లు నొక్కిన శబ్దం)

తెర మీద ‘అక్క’ అని పడింది.